స్విచ్ చిప్ డ్రైవర్‌ని రివ్యూ చేసేటప్పుడు ఎక్కడ ఆగి చూడాలి

మీరు అడిగింది ఇదీ: అయిదు పోర్టుల గిగాబిట్ స్విచ్ చిప్‌కి లినక్స్‌లో డీఎస్ఏ (స్విచ్‌లోని ప్రతి పోర్టునీ విడి నెట్‌వర్క్ ఇంటర్‌ఫేస్‌గా చూపించే కెర్నల్ ఏర్పాటు) పద్ధతిలో రాసిన కొత్త డ్రైవర్ రివ్యూకి వచ్చింది. దాదాపు మూడు వేల లైన్లు. చిప్ ఎండీఐఓ బస్సు (చిప్ రిజిస్టర్లను చదివి రాసే దారి) మీద ఉంది, సీపీయూ వైపు ఆర్‌జీఎంఐఐ (ప్యాకెట్లు పోయే దారి). మామూలు నెట్‌వర్క్ కార్డు డ్రైవర్లు చూసిన అలవాటు మీకుంది గానీ స్విచ్ డ్రైవర్ ఇదే మొదటిసారి, ఎక్కడ పట్టుకోవాలో తెలియడం లేదు. మంచి ప్రశ్నే. సమాధానం కాస్త పొడుగవుతుంది, ఓపిగ్గా చదవండి.

ముందు ఒక సంగతి గట్టిగా పట్టుకోండి, మిగతా రివ్యూ అంతా దాన్నుంచే వస్తుంది. నెట్‌వర్క్ కార్డు డ్రైవర్‌లో ప్రతి ప్యాకెట్టూ మీ కోడ్ మీదుగానే పోతుంది, తప్పుంటే ప్యాకెట్ ఆగిపోతుంది, ఎవరో ఒకరు వెంటనే అరుస్తారు. స్విచ్ డ్రైవర్‌లో పోర్టు 1 నుంచి పోర్టు 2కి పోయే ప్యాకెట్ సీపీయూ గడప కూడా తొక్కదు. చిప్ తనంతట తానే పంపేస్తుంది. డ్రైవర్ చేసేదల్లా చిప్ రిజిస్టర్లలో ఒక స్థితిని పెట్టి పక్కకు తప్పుకోవడమే. అందుకే కోడ్ తప్పుగా ఉన్నా పింగ్ పనిచేస్తుంది, వేగం కొలిచే ఐపెర్ఫ్‌లో 940 మెగాబిట్లు చూపిస్తుంది, డెమో బ్రహ్మాండంగా నడుస్తుంది, అదే సమయంలో ఒకదానికొకటి కనపడకూడని రెండు పోర్టుల మధ్య ట్రాఫిక్ గుట్టుచప్పుడు కాకుండా కారిపోతూ ఉంటుంది. కాబట్టి ఏ ఫంక్షన్ చదువుతున్నా మూడు ప్రశ్నలు వేసుకోండి: ఇది మొదలయ్యే ముందు చిప్ ఏ స్థితిలో ఉంది, అయిపోయాక ఏ స్థితిలో ఉంటుంది, దాన్ని తిరిగి వెనక్కి తెచ్చే ఫంక్షన్ ఏది.

కోడ్ కంటే ముందు డేటాషీట్ తెరిచి, రీసెట్ తర్వాత రిజిస్టర్లలో ఏ విలువలు ఉంటాయో చూడండి. ఈ చిప్‌లలో చాలావాటిని సాఫ్ట్‌వేర్ లేకుండా కూడా వాడుకునేలా తయారు చేస్తారు, అంటే కరెంటు ఇవ్వగానే అన్ని పోర్టులూ కలిసిపోయి, అడ్రసులు నేర్చుకుంటూ, ఉత్త స్విచ్‌లా పనిచేయడం మొదలుపెడతాయి. డీఎస్ఏ కోరేది దీనికి పూర్తి వ్యతిరేకం. బ్రిడ్జ్‌లో (కొన్ని పోర్టులను కలిపి ఒకే నెట్‌వర్క్‌గా చేసే లినక్స్ ఏర్పాటు) చేర్చేదాకా ప్రతి పోర్టూ విడి నెట్‌వర్క్ కార్డులా ఉండాలి, సీపీయూతో తప్ప ఇంకెవరితోనూ మాట్లాడకూడదు. పైగా బూట్‌లోడర్ తన అవసరానికి చిప్‌ని ముందే కెలికి ఉండొచ్చు, కాబట్టి "రీసెట్ విలువ సున్నాయే కదా" అని ఒక రిజిస్టర్‌ని రాయకుండా వదిలేసిన డ్రైవర్ ఆ బోర్డు మీద బాగుండి ఇంకో బోర్డు మీద దెబ్బతింటుంది. సెటప్ ఫంక్షన్‌లో రాతల వరుస కూడా చూడండి. చిప్‌ని రీసెట్ చేసి, పోర్టులు ఆన్ చేసి, టేబుళ్లు సర్దుకుని, చిట్టచివర పోర్టులను విడదీస్తే, ఆ మధ్య సమయంలో అన్నీ కలిసే ఉన్నాయన్నమాట. పోర్టులు మూయడం, విడదీయడం మొదట జరగాలి, అడ్రస్ టేబుల్ ఖాళీ చేయడం తర్వాత, మిగతావన్నీ ఆ తర్వాతే.

ఇక అసలు కండ ఉన్న భాగం బ్రిడ్జ్ జాయిన్, బ్రిడ్జ్ లీవ్, అంటే పోర్టుని బ్రిడ్జ్‌లో చేర్చే, తీసే ఫంక్షన్లు. ఈ రెండింటినీ పక్కపక్కన రెండు విండోల్లో పెట్టుకుని చదవండి, ఒకటి చదివి తర్వాత రెండోది చదివితే దొరకవు. మామూలుగా ప్రతి పోర్టుకీ ఒక మాస్క్ రిజిస్టర్ ఉంటుంది, ఆ పోర్టులోకి వచ్చిన ప్యాకెట్ ఏయే పోర్టుల నుంచి బయటికి పోవచ్చో అందులో ఒక్కో బిట్. బ్రిడ్జ్‌లో ఇప్పటికే పోర్టులు 0, 1 ఉన్నాయి, ఇప్పుడు 2 చేరుతోంది అనుకోండి. పోర్టు 2 మాస్క్‌లో 0, 1 బిట్లు పెట్టాలి, 0 మాస్క్‌లోనూ 1 మాస్క్‌లోనూ 2 బిట్ పెట్టాలి. జాయిన్‌లో ఈ రెండు వైపులా రాయడం ఎవరూ మర్చిపోరు, ఎందుకంటే మర్చిపోతే పింగే రాదు. లీవ్‌లో మాత్రం చాలామంది పోర్టు 2 సొంత మాస్క్‌ని సీపీయూ వరకు కుదించి ఊరుకుంటారు. అప్పుడు ఏమవుతుంది? 2 నుంచి 0కి ఏమీ పోదు కాబట్టి పింగ్ ఆగిపోతుంది, టెస్ట్ చేసినవాళ్లు "విడిపోయింది, ఓకే" అని రాసేస్తారు. కానీ 0, 1 మాస్కుల్లో 2 బిట్ అలాగే ఉంది, కాబట్టి ఆ బ్రిడ్జ్‌లోని బ్రాడ్‌కాస్ట్ మొత్తం, అడ్రస్ తెలియని యూనికాస్ట్ మొత్తం పోర్టు 2లోంచి బయటికి పోతూనే ఉంటుంది. పోర్టు 2కి తగిలించిన మెషీన్‌లో టీసీపీడంప్ (వచ్చే ప్యాకెట్లను చూపించే టూల్) పెడితే తప్ప ఇది కనపడదు, బోర్డు మీద ఎంత వెతికినా కనపడదు, ఎందుకంటే సీపీయూకి ఆ ప్యాకెట్ల ఊసే తెలియదు. రివ్యూలో "పింగ్ ఆగిందా" అని అడగకండి, "లీవ్ తర్వాత మిగతా పోర్టుల మాస్కులు ఎవరు మారుస్తున్నారు" అని అడగండి.

అదే లూప్‌లో ఇంకో పొరపాటు నక్కి ఉంటుంది. మిగతా పోర్టుల మీద తిరిగేటప్పుడు "ఈ పోర్టు ఏదైనా బ్రిడ్జ్‌లో ఉందా" అని చూస్తున్నారా, "మనం చేరుతున్న ఈ బ్రిడ్జ్‌లోనే ఉందా" అని చూస్తున్నారా? మొదటిదైతే, రెండు బ్రిడ్జ్‌లు పెట్టిన రోజున రెండూ ఒకటైపోతాయి. ఒకే బ్రిడ్జ్‌తో టెస్ట్ చేసినంత కాలం ఈ తేడా బయటపడదు.

మాస్కులు సరిగ్గా ఉన్నా పని అయిపోయినట్టు కాదు, ఏ మ్యాక్ అడ్రస్ ఏ పోర్టు వైపు ఉందో నేర్చుకునే టేబుల్ ఉంది. విడిగా ఉన్న పోర్టులో లెర్నింగ్ ఆఫ్ చేసి ఉండాలి. ఇది చాలామందికి అనవసరం అనిపిస్తుంది, "ఎలాగూ మాస్క్ ఆపుతోంది కదా" అంటారు. ఆపుతోంది కాబట్టే చిక్కు. పోర్టు 3 విడిగా ఉంది, ఒక మ్యాక్ అడ్రస్‌ని అది నేర్చుకుంది. ఆ మెషీన్‌ని తీసి బ్రిడ్జ్‌లోని పోర్టు 1కి తగిలించారు, లేదా అదే అడ్రస్ రెండు దారుల్లోనూ కనపడే అమరిక అది. ఇప్పుడు పోర్టు 0లోకి ఆ అడ్రస్‌కి ప్యాకెట్ వస్తే చిప్ టేబుల్ చూస్తుంది, "పోర్టు 3" అని దొరుకుతుంది, మాస్క్ చూస్తే 0 నుంచి 3కి అనుమతి లేదు, దాంతో ప్యాకెట్‌ని పడేస్తుంది. అడ్రస్ తెలియకపోయి ఉంటే అన్ని పోర్టులకూ పంపేది, చేరేది. తెలిసింది కాబట్టి పోయింది. లినక్స్ బ్రిడ్జ్ డిఫాల్ట్ ఏజింగ్ (వాడని ఎంట్రీని తీసేసే గడువు) 300 సెకన్లు, కాబట్టి అయిదు నిమిషాల తర్వాత దానంతటదే బాగవుతుంది. బగ్ రిపోర్టులో "అప్పుడప్పుడూ కనెక్షన్ పోతుంది, కాసేపటికి వస్తుంది" అని ఉంటే నేను మొదట చూసేది ఈ టేబుల్‌నే.

రెండు బ్రిడ్జ్‌లు ఒకే టేబుల్‌ని పంచుకున్నా ఇదే కథ, రెండు చోట్లా ఒకే మ్యాక్ ఉంటే చివర నేర్చుకున్నదే నిలుస్తుంది. చిప్‌లో ఎఫ్ఐడీ (అడ్రస్ టేబుల్‌ని విడి భాగాలుగా చేసే నంబర్) లాంటి సదుపాయం ఉంటే బ్రిడ్జ్‌కి ఒకటి చొప్పున కేటాయించాలి. అది లేకపోతే ఎన్ని బ్రిడ్జ్‌లు మోయగలదో డీఎస్ఏకి నిజం చెప్పాలి. టేబుల్ ఖాళీ చేసే ఫాస్ట్ ఏజ్ ఫంక్షన్‌లో ఒకటే చూడండి: చిప్‌కి ఇచ్చే ఆ ఫ్లష్ కమాండ్ నేర్చుకున్న ఎంట్రీలనే తుడుస్తుందా, యూజర్ పెట్టిన స్టాటిక్ ఎంట్రీలను కూడా తుడిచేస్తుందా? డేటాషీట్‌లో రెండు కమాండ్లూ పక్కపక్కనే ఉంటాయి.

ఎస్‌టీపీ (నెట్‌వర్క్‌లో లూప్ రాకుండా కొన్ని పోర్టులను మూసే ప్రోటోకాల్) స్థితులను చిప్ స్థితులకు మార్చే చిన్న స్విచ్ కేస్ ఉంటుంది, పది లైన్లే, కళ్లు జారిపోతాయి. అక్కడ ఆగండి. లినక్స్‌లో డిసేబుల్డ్, బ్లాకింగ్ వేరు వేరు. కొందరు రెండింటినీ చిప్‌లోని డిసేబుల్డ్‌కే కలిపేస్తారు. ఆ స్థితిలో చిప్ బీపీడీయూలను (ఎస్‌టీపీ కోసం స్విచ్‌లు ఒకదానికొకటి పంపుకునే ప్యాకెట్లు) కూడా పడేస్తే, బ్లాక్ చేసిన పోర్టు మీద అవతలి స్విచ్ ఉందన్న సంగతి బ్రిడ్జ్‌కి తెలియకుండా పోతుంది. మ్యాక్స్ ఏజ్ 20 సెకన్లు, ఆ పైన లిజనింగ్ 15, లెర్నింగ్ 15, అంటే దాదాపు 50 సెకన్లకు "అవతల ఎవరూ లేరు" అనుకుని పోర్టుని తెరిచేస్తుంది. లూప్. నెట్‌వర్క్ మొత్తం కుప్పకూలుతుంది. లూప్‌ని ఆపాల్సిన ఫీచరే లూప్‌ని తెచ్చిపెడుతుంది, అదీ ముప్పావు నిమిషం దాటాక, డెమో ముగిశాక.

వీల్యాన్ (ఒకే స్విచ్ మీద ట్యాగ్ నంబర్లతో విడదీసిన నెట్‌వర్క్‌లు) గురించి పేజీలు రాయొచ్చు, ముఖ్యమైనది చెబుతాను. వీల్యాన్ ఫిల్టరింగ్ (పోర్టుకి చెందని వీల్యాన్ ప్యాకెట్లను ఆపడం) ఆఫ్‌లో ఉన్నప్పుడు కూడా బ్రిడ్జ్ వీల్యాన్లను చేర్చమని డ్రైవర్‌ని పిలవగలదు. అప్పుడు వాటిని గుర్తుపెట్టుకోవాలి గానీ అమలు చేయకూడదు, ఫిల్టరింగ్ ఆన్ చేసిన క్షణం నుంచి అమలు కావాలి. వీల్యాన్ యాడ్ ఫంక్షన్ నేరుగా పోర్టు పీవీఐడీ (ట్యాగ్ లేని ప్యాకెట్ ఏ వీల్యాన్‌కి చెందుతుందో చెప్పే నంబర్) రిజిస్టర్‌లోకి రాసేస్తుంటే అనుమానించండి. నాకు నచ్చే పద్ధతి, మంచి డ్రైవర్లలో కనపడేది కూడా, పీవీఐడీని రాసే ఫంక్షన్ ఒక్కటే ఉండటం: పోర్టు విడిగా ఉందా, ఫిల్టరింగ్ లేని బ్రిడ్జ్‌లో ఉందా, ఉన్న బ్రిడ్జ్‌లో ఉందా అని చూసి అదే లెక్కగట్టి రాస్తుంది, జాయిన్, లీవ్, ఫిల్టరింగ్ మార్పు, వీల్యాన్ యాడ్, డిలీట్ అన్నీ చివర్లో దాన్నే పిలుస్తాయి. ఇంకోటి, ఫిల్టరింగ్ ఉన్నప్పుడు పీవీఐడీగా ఉన్న వీల్యాన్‌ని తీసేస్తే, ట్యాగ్ లేకుండా వచ్చే ప్యాకెట్లు ఆగిపోవాలి. చాలా డ్రైవర్లు అక్కడ మళ్లీ 1కి తిప్పేస్తాయి, లేదా పాతదే ఉంచేస్తాయి. ట్యాగ్ లేని వాటిని పడేయమని చెప్పే బిట్ చిప్‌లో విడిగా ఉంటుంది, దాని పేరు కోడ్ మొత్తంలో ఎక్కడైనా కనపడుతుందేమో వెతకండి. కనపడకపోతే బగ్ దొరికినట్టే.

ఇలాంటి చోట్ల ఇంకో అలవాటు మీద గట్టిగా అభ్యంతరం చెప్పండి. చిప్ చేయలేని పనిని అడిగితే ఏమీ చేయకుండా సున్నా తిరిగిచ్చే ఫంక్షన్లు. సున్నా అంటే "చేశాను" అని అర్థం. చేతకానిది చేతకాదని చెబితే డీఎస్ఏ దగ్గర దారులున్నాయి. బ్రిడ్జ్ జాయిన్‌లో "సపోర్ట్ లేదు" అన్న ఎర్రర్ ఇస్తే ఆ పోర్టు ట్రాఫిక్‌ని సాఫ్ట్‌వేర్ బ్రిడ్జ్ సీపీయూలో నడిపిస్తుంది, నెమ్మదిగానైనా సరిగ్గా నడుస్తుంది. అబద్ధపు సున్నా ఇస్తే యూజర్‌కి ఫిల్టరింగ్ ఆన్ అయినట్టు కనపడుతుంది, వైర్ మీద మాత్రం అంతా బార్లా తెరిచి ఉంటుంది.

ట్యాగర్ (ప్యాకెట్ ఏ పోర్టుదో చెప్పే ట్యాగ్‌ని తగిలించే, తీసే కోడ్) ఫైలు చిన్నది, కానీ సీపీయూకి వచ్చే, సీపీయూ నుంచి పోయే ప్రతి ప్యాకెట్టూ దాని గుండానే పోతుంది కాబట్టి అక్షరం అక్షరం చదవండి. ప్యాకెట్ వచ్చే దారిలో: ట్యాగ్ బైట్లు చదివే ముందు ఎస్‌కేబీలో (కెర్నల్ ప్యాకెట్‌ని ఉంచే బఫర్) అన్ని బైట్లు వరుసగా ఉన్నాయని నిర్ధారించుకుంటున్నారా? ట్యాగ్‌లోని పోర్టు నంబర్‌తో ఇంటర్‌ఫేస్‌ని వెతికినప్పుడు నల్ వస్తే ప్యాకెట్‌ని వదిలేస్తున్నారా? అయిదు పోర్టుల చిప్ ట్యాగ్‌లో పోర్టుకి మూడు బిట్లు ఉంటే, 7 అని రావడానికి అడ్డేమీ లేదు. ట్యాగ్‌ని తీసేటప్పుడు చెక్‌సమ్‌ని కూడా సవరిస్తున్నారా? ఈథర్‌టైప్ (ఈథర్నెట్ హెడర్‌లో చివరి రెండు బైట్లు) స్థానంలో ఉండే ట్యాగ్ అయితే ఇంకో చిక్కు: ప్యాకెట్ మన దగ్గరికి వచ్చేసరికి ఈథర్నెట్ హెడర్ 14 బైట్లు అప్పటికే జరిగిపోయి ఉంటాయి, అంటే ట్యాగ్ మొదలు డేటా పాయింటర్‌కి రెండు బైట్లు వెనక ఉంటుంది. అక్కడ చేత్తో కూడికలు తీసివేతలు రాసి ఉంటే, ఉన్న హెల్పర్ ఫంక్షన్లనే వాడమనండి.

పంపే దారిలో ట్యాగ్ ప్యాకెట్ చివర ఉండే రకమైతే రెండు ఉచ్చులున్నాయి. ఒకటి పొట్టి ప్యాకెట్లు. ఏఆర్‌పీ లాంటి చిన్న ప్యాకెట్‌కి చివర ట్యాగ్ తగిలించి పంపితే, సీపీయూ వైపు ఈథర్నెట్ కంట్రోలర్ దాన్ని కనీసం 60 బైట్లకు సాగదీయడానికి ట్యాగ్ తర్వాత సున్నాలు నింపుతుంది. చిప్ చివరి బైట్‌ని ట్యాగ్ అనుకుని చదివితే అక్కడ సున్నా ఉంటుంది. కాబట్టి ముందు సాగదీసి, తర్వాతే ట్యాగ్ తగిలించాలి. టెయిల్‌రూమ్ (ప్యాకెట్ చివర ఉంచే ఖాళీ చోటు) ఎంత కావాలో సరిగ్గా చెబితే డీఎస్ఏ కోర్ ఆ పని తానే చేస్తుంది, చెప్పారో లేదో చూడండి. రెండోది చెక్‌సమ్ ఆఫ్‌లోడ్. కంట్రోలర్ హార్డ్‌వేర్ చెక్‌సమ్ లెక్కిస్తే చివరనున్న ట్యాగ్ బైట్లను కూడా డేటా అనుకుని కలిపేయొచ్చు, చిప్ ఆ ట్యాగ్‌ని తీసేశాక అవతలివాళ్లకు చెక్‌సమ్ తప్పుతుంది. పింగ్ బాగానే ఉండి టీసీపీ మాత్రం కదలకపోతే ఇదే. ట్యాగ్ పెట్టే ముందే సాఫ్ట్‌వేర్‌లో చెక్‌సమ్ పూర్తి చేయడం దీనికి మందు.

ట్యాగర్‌లోనే ఆఫ్‌లోడ్ ఫార్వర్డ్ మార్క్ అనే ఒక్క బిట్ ఉంది. "ఈ ప్యాకెట్‌ని చిప్ ఇప్పటికే మిగతా పోర్టులకు పంపేసింది, నువ్వు మళ్లీ పంపకు" అని సాఫ్ట్‌వేర్ బ్రిడ్జ్‌కి చెప్పేది అదే. పెట్టకపోతే బ్రాడ్‌కాస్ట్ ప్రతిదీ రెండుసార్లు పోతుంది. అన్నింటికీ పెట్టేస్తే, చిప్ సీపీయూకి మాత్రమే పంపి ఇంకెక్కడికీ పంపని ప్యాకెట్లు అక్కడితోనే ఆగిపోతాయి. చిప్ ట్యాగ్‌లో ప్యాకెట్ సీపీయూకి ఎందుకు వచ్చిందో చెప్పే ఫీల్డ్ ఉంటే దాన్ని ఇక్కడ వాడుతున్నారో లేదో అడగండి.

ఇప్పుడు బస్సు. ఎండీఐఓలో ఒక్కో ఫ్రేమ్ 64 బిట్లు, ప్రమాణం ప్రకారం గడియారం 2.5 మెగాహెర్ట్జ్, అంటే 16 బిట్ల రిజిస్టర్ ఒక్కసారి చదవడానికి 25.6 మైక్రోసెకన్లు. దీన్నుంచి రెండు సంగతులు. మొదటిది, రిజిస్టర్ చదవడం అంటే నిద్రపోయే పని, కాబట్టి స్పిన్‌లాక్ కిందా, నిద్రపోకూడని చోటా దాన్ని పిలవకూడదు. 64 బిట్ల స్టాటిస్టిక్స్ ఇచ్చే ఫంక్షన్ దీనికి పెద్ద గండం, ఎందుకంటే ప్రాక్ ఫైల్ చదివే దారిలో దాన్ని ఆర్‌సీయూ లాక్ కింద పిలుస్తారు, అదీ నిద్రపోకూడని చోటే. అక్కడ మ్యూటెక్స్ (దొరికేదాకా నిద్రపోయే లాక్) తీసుకునే డ్రైవర్ కనపడితే వెంటనే ఆపండి. ఒక డిలేడ్ వర్క్ పెట్టి అప్పుడప్పుడూ కౌంటర్లు చదివి దాచుకోవాలి, ఆ ఫంక్షన్ దాచిన విలువనే ఇవ్వాలి. ఎంత తరచుగా? చిప్ బైట్ కౌంటర్ 32 బిట్లదైతే గిగాబిట్ వేగంలో దాదాపు 34 సెకన్లకు ఒక చుట్టు తిరిగి మళ్లీ సున్నాకి వస్తుంది. నిమిషానికోసారి చదివితే లెక్క తప్పినట్టే.

రెండోది, 32 బిట్ల రిజిస్టర్ కావాలంటే 16 చొప్పున రెండుసార్లు చదవాలి, చాలా చిప్‌లలో ముందు పేజీ రిజిస్టర్ కూడా రాయాలి. ఈ మూడు అడుగులూ ఒకే లాక్ కింద జరగాలి. చదివి, మార్చి, తిరిగి రాసే ప్రతి చోటా లాక్ ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో వేలు పెట్టి చూపించగలగాలి. చదవడానికి ఒకసారి, రాయడానికి ఇంకోసారి విడివిడిగా లాక్ తీసుకునే కోడ్ చూడటానికి పద్ధతిగానే ఉంటుంది, రెండింటి మధ్యలో ఇంకో థ్రెడ్ దూరితే ఒకరి మార్పు గాల్లో కలిసిపోతుంది. "ఆర్‌టీఎన్‌ఎల్ లాక్ (నెట్‌వర్క్ సెట్టింగుల మార్పులకు కెర్నల్ వాడే ఉమ్మడి లాక్) ఉంటుంది కదా" అనే వాదన వస్తే ఒప్పుకోకండి. ఎఫ్‌డీబీ (పైన చెప్పిన అడ్రస్ టేబుల్) ఎంట్రీలు చేర్చే, తీసే పని వర్క్‌క్యూ నుంచి ఆ లాక్ లేకుండానే వస్తుంది, కాబట్టి టేబుల్ రిజిస్టర్లకు డ్రైవర్ సొంత లాక్ ఉండాల్సిందే. చిప్ ఒక ఎండీఐఓ బస్సు మీద కూర్చుని లోపలి ఫై చిప్‌ల (కేబుల్ వైపు సిగ్నల్ చూసుకునేవి) కోసం తానే ఇంకో ఎండీఐఓ బస్సు ఇస్తుంటే, నెస్టెడ్ రకం రీడ్, రైట్ ఫంక్షన్లు వాడాలి, లేకపోతే లాక్‌డెప్ (లాకుల వాడకాన్ని తనిఖీ చేసే కెర్నల్ టూల్) నిజానికి లేని డెడ్‌లాక్‌ని ఉన్నట్టు చూపించి గోల చేస్తుంది, ఆ గోలలో నిజమైనది కనపడదు.

బస్సు దగ్గరే ఒక చిన్న లైను చూపిస్తాను, కొత్త డ్రైవర్లలో పదే పదే కనపడేది. రీడ్ ఫంక్షన్ ఇంట్ తిరిగిస్తుంది, తప్పు జరిగితే రుణ సంఖ్య. దాన్ని 16 బిట్ల అన్‌సైన్డ్ వేరియబుల్‌లో వేసుకుని, తర్వాతి లైనులో "సున్నా కంటే తక్కువైతే ఎర్రర్" అని రాస్తారు. ఆ షరతు ఎన్నటికీ నిజం కాదు. రుణ సంఖ్య కాస్తా పెద్ద ధన సంఖ్య అయిపోయి, దానిలోని బిట్లనే చిప్ స్థితి అనుకుని కోడ్ ముందుకు పోతుంది. బిజీ బిట్ కోసం ఎదురుచూసే లూప్‌లో ఇది ఉంటే ఇక చెప్పక్కర్లేదు. చిప్ అసలు జవాబే ఇవ్వకపోతే బస్సు పైకి లాగబడి ఉంటుంది కాబట్టి 16 బిట్లూ ఒకట్లుగా వస్తాయి, అదీ ఎర్రర్‌లా కనపడదు, "బిజీగా ఉన్నాను" అన్నట్టే కనపడుతుంది. చిప్ ఐడీ చదివేచోట ఈ విలువను విడిగా పట్టుకుంటున్నారో లేదో చూడండి. ఎదురుచూసే లూపులు చేత్తో రాయకుండా పోల్ టైమవుట్ మ్యాక్రోలు వాడమనండి. చేత్తో రాసిన వాటిలో గడువు దాటాక ఆఖరిసారి చూడటం మర్చిపోతారు, సిస్టమ్ బిజీగా ఉన్న సమయంలో పని పూర్తయినా టైమవుట్ అని అబద్ధం చెబుతాయి.

ఇంటరప్ట్ భాగంలో ట్రిగ్గర్ రకాన్ని చూడండి. చిప్ ఇంటరప్ట్ పిన్ సాధారణంగా లెవెల్ రకం, లోపల ఒక్క సంఘటన మిగిలి ఉన్నా కిందికి లాగే ఉంచుతుంది. డ్రైవర్‌లో ఫాలింగ్ ఎడ్జ్ అని రాసేశారనుకోండి: పోర్టు 1 లింక్ పోయింది, హ్యాండ్లర్ మొదలై స్థితి చదివింది, అది ముగిసేలోపు పోర్టు 3 లింక్ కూడా పోయింది. పిన్ పైకి లేవనే లేదు కాబట్టి కొత్త ఎడ్జ్ రాదు, ఇక ఆ తర్వాత ఒక్క ఇంటరప్ట్ కూడా రాదు, రీబూట్ చేసేదాకా అంతే. ట్రిగ్గర్ రకం డివైస్ ట్రీ (బోర్డు మీద ఏది ఎలా తగిలించి ఉందో కెర్నల్‌కి చెప్పే వివరణ) నుంచి రావాలి, డ్రైవర్‌లో గుచ్చి పెట్టకూడదు.

ప్రోబ్ ఫంక్షన్‌ని (చిప్ కనపడగానే డ్రైవర్‌ని మొదలుపెట్టేది) ఒకసారి నడిచేదిగా చదవకండి. సీపీయూ వైపు ఈథర్నెట్ ఇంటర్‌ఫేస్ ఇంకా సిద్ధం కాకపోతే డీఎస్ఏ రిజిస్టర్ చేసే పిలుపు ప్రోబ్ డిఫర్ ఇస్తుంది, అది సాధారణంగా ప్రోబ్‌లో చివరి పని. అంటే దానికి ముందు చేసినవన్నీ విప్పేసి, కాసేపాగి మళ్లీ మొదటినుంచి చేస్తారు. ఎర్రర్ దారిలో ఒక వర్క్‌క్యూ గానీ, ఐఆర్‌క్యూ డొమైన్ గానీ, డివైస్ ట్రీ నోడ్ రిఫరెన్స్ గానీ వదిలేస్తే, అది బూట్ అయిన ప్రతిసారీ పోయేదే, అరుదుగా వచ్చే దారేమీ కాదు. ఎండీఐఓ బస్సుని డెవ్‌ఎం రకంతో (డ్రైవర్ పోయినప్పుడు కెర్నల్ తానే విప్పేసేది) కేటాయించి, మామూలు రకంతో రిజిస్టర్ చేస్తున్నారేమో చూడండి. రెండూ డెవ్‌ఎం అయినా ఉండాలి, రెండూ చేత్తో విప్పేవైనా ఉండాలి. కలిపితే రిజిస్టర్ అయి ఉన్న బస్సునే ఫ్రీ చేసే దారి తయారవుతుంది, కెర్నల్ అక్కడికక్కడే ఆగిపోతుంది. షట్‌డౌన్ ఫంక్షన్ లేని డ్రైవర్‌ని అసలు ఒప్పుకోకండి. సీపీయూ వైపు ఇంటర్‌ఫేస్ షట్‌డౌన్‌లో తనను తాను తీసేసుకునే రకమైతే, డీఎస్ఏ దాన్ని పట్టుకునే ఉంటుంది కాబట్టి రీబూట్ మధ్యలో వేలాడిపోతుంది.

ఆర్‌జీఎంఐఐ గురించి ఒక్క లెక్క చాలు. గిగాబిట్‌లో గడియారం 125 మెగాహెర్ట్జ్, ఒక చుట్టు 8 నానోసెకన్లు, రెండు అంచుల మీదా డేటా పోతుంది కాబట్టి ఒక్కో నిబుల్‌కి 4 నానోసెకన్లే. గడియారాన్ని దాదాపు 2 నానోసెకన్లు ఆలస్యం చేయాలి, ఆ ఆలస్యం ఒక్కరే పెట్టాలి. ఇద్దరూ పెడితే 4 అవుతుంది, సరిగ్గా డేటా మారే క్షణంలో చదువుతారు. 100 మెగాబిట్లలో చుట్టు 40 నానోసెకన్లు కాబట్టి అక్కడ ఇది కనపడదు, గిగాబిట్‌కి వెళ్లగానే సీఆర్‌సీ ఎర్రర్లు కుప్పలు తెప్పలుగా వస్తాయి. డ్రైవర్ సెటప్‌లో ఆలస్యం బిట్లను గుడ్డిగా ఆన్ చేస్తుంటే, సీపీయూ పోర్టు వేగాన్ని 1000 అని గుచ్చేస్తుంటే, రెండూ తీయించండి. ఆలస్యం డివైస్ ట్రీ చెప్పాలి, వేగం ఫైలింక్ (లింక్ స్థితిని చూసుకునే కెర్నల్ భాగం) లింక్ అప్ పిలుపులో వచ్చినదే పెట్టాలి, మ్యాక్ కాన్ఫిగ్ పిలుపులో వేగాన్ని చూడనే కూడదు.

మూడు వేల లైన్లు ఒకే ప్యాచ్‌గా వచ్చి ఉంటే చదవడం మొదలుపెట్టకుండానే ముక్కలు చేసి పంపమనండి, అది అడిగే హక్కు మీకుంది. మొదటి ముక్కలో పోర్టులు విడిగా పనిచేస్తే చాలు, అది ఒక్కటే సంపూర్ణమైన డ్రైవర్. తర్వాత బ్రిడ్జ్, ఆ తర్వాత ఎఫ్‌డీబీ, వీల్యాన్, చివర స్టాటిస్టిక్స్. ఖాళీలు, లైను పొడవు లాంటివి చెక్‌ప్యాచ్ స్క్రిప్టు చూసుకుంటుంది, మీ శ్రద్ధ వాటి మీద ఖర్చు పెట్టకండి.

టెస్టులు ఏవి నడిపారో కూడా అడగండి. కెర్నల్ సోర్స్‌లో సెల్ఫ్‌టెస్టుల కింద ఫార్వర్డింగ్ ఫోల్డర్‌లో స్క్రిప్టులున్నాయి, డీఎస్ఏకి పనికొచ్చేవాటికి లింకులు డీఎస్ఏ ఫోల్డర్‌లోనే పెట్టారు. విడి పోర్టుల మధ్య ఏదీ దాటడం లేదని చూసే నో ఫార్వర్డింగ్, సీపీయూకి రావాల్సినవే వస్తున్నాయని చూసే లోకల్ టెర్మినేషన్, వీల్యాన్ ఉన్న, లేని బ్రిడ్జ్ టెస్టులు, ఈ నాలుగింటి ఫలితాలు ప్యాచ్‌తో పాటు కావాలనండి. నాలుగు పోర్టులు, రెండు కేబుళ్లు ఉంటే ఒకే బోర్డు మీద నడుస్తాయి, పోర్టులన్నీ మామూలుగా ఒకే మ్యాక్ అడ్రస్ పంచుకుంటాయి కాబట్టి వాటికి వేరు వేరు అడ్రసులు ఇచ్చుకోవాలి. నేను పైన చెప్పిన లీవ్ బగ్ కోసం మాత్రం విడిగా ఒకటి చేయించండి: మూడు పోర్టులతో బ్రిడ్జ్ పెట్టి, ఒకదాన్ని తీసి, బ్రిడ్జ్‌లో మిగిలిన పోర్టులోకి బ్రాడ్‌కాస్ట్ పంపుతూ, తీసేసిన పోర్టుకి అవతల తగిలించిన మెషీన్‌లో టీసీపీడంప్ చూడటం. పోర్టుని తీసిన తర్వాత చూసినది మాత్రమే లెక్క, అసలెప్పుడూ చేర్చని పోర్టు మీద చూసింది దీనికి పనికిరాదు.